ముదురు పెద్దకూరని పళ్లు లేనివాళ్లు కూడా తినేలా వండటం

మా నాన్నకి కట్టుడు పళ్లు పెట్టించి నాలుగేళ్లు. అప్పటి నుంచి ఆదివారం వచ్చిందంటే మా ఇంట్లో ఒకటే టెన్షన్, పెద్దకూర (గేదె, ఎద్దు మాంసం) ముక్క ఆయన నోట్లో ఎంతసేపు తిరుగుతుందో అని. మొదట్లో పాపం ఈ దవడ నుంచి ఆ దవడకి తిప్పి తిప్పి, ఎవరూ చూడట్లేదు అనుకున్నప్పుడు మెల్లగా తీసి కంచం అంచున పెట్టేసి, "పులుసు బాగుంది బిడ్డా" అనేవాడు. పులుసు బాగుంది అన్నాడంటే ముక్క బాగాలేదని. నేనేమో ఎనిమిది విజిల్స్ చాలలేదా, అయితే పన్నెండు, అదీ చాలలేదా, పదిహేను అని పెంచుకుంటూ పోయాను. ఒకసారి రాన్ (వెనక తొడ) ముక్కలు పెట్టి ఇరవై దాటించాను. మూత తీస్తే ముక్కలు విడిపోతూనే ఉన్నాయి గానీ నోట్లో పెట్టుకుంటే ఎండుగడ్డి నమిలినట్టు పీచు పీచుగా, రసమన్నదే లేదు. అదీ మింగలేకపోయాడు.

ఆ తర్వాతే నేను విజిల్స్ లెక్క మానేసి, ఏ ముక్క తెచ్చాం, అది ఎప్పుడు కోసిన మాంసం, మనం కత్తి ఎటు పెట్టి కోశాం అని చూడటం మొదలుపెట్టాను. సగం సంగతి స్టవ్ వెలిగించకముందే తేలిపోతుంది. మీ ఇంట్లో కూడా పెద్దవాళ్లున్నా, చిన్నపిల్లలున్నా, లేదా మీకే ముక్క పంటి సందుల్లో ఇరుక్కుని చిరాకేస్తున్నా, కింద చెప్పినట్టు ఒక ఆదివారం చేసి చూడండి.

అసలు ఎందుకంత గట్టి

మన దగ్గర దొరికే పెద్దకూర చాలావరకు ముసలి గేదెదో, దున్నదో, పని మానేసిన ఎద్దుదో అయ్యుంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1977లో వచ్చిన చట్టం ప్రకారం ఆవునీ దూడల్నీ కోయకూడదు, ఎద్దునో దున్ననో గేదెనో కోయాలన్నా అది ఇక పాలకీ, పనికీ, ఈతకీ అక్కరకు రాదని సర్టిఫికెట్ ఉండాలి. అంటే లేత మాంసం మన దుకాణానికి రావడమే అరుదు. ఏళ్ల తరబడి బతికి నడిచి బరువులు లాగిన ఒంటి మాంసాన్ని లేత మేకపోతు మాంసంలా అరగంటలో దించేద్దామంటే కుదరదు.

గట్టితనంలో రెండు రకాలున్నాయి, ఈ ఒక్క తేడా పట్టుకుంటే మిగతాదంతా సులువు. ఒకటి కండలోని పీచు. ఇది ఉడికేకొద్దీ ముడుచుకుని లోపలి నీళ్లు బయటికి పిండేస్తుంది. రెండోది ఆ పీచుని కట్టలు కట్టలుగా పట్టి ఉంచే తెల్లటి పొరలు, నరాలు. ఇందులో ఉండేది కొలాజెన్. జంతువు ముదిరేకొద్దీ అది ముడులు పడి ఇంకా బిగుసుకుంటుంది. కానీ దానికో మంచి గుణం ఉంది, తడిలో, వేడిలో చాలాసేపు ఉంచితే కరిగి జిగురైపోతుంది. 70 డిగ్రీలు దాటాక మెల్లగా, 90 దగ్గర చురుగ్గా కరుగుతుంది. పాయా చల్లారాక గిన్నెలో గడ్డకట్టి వణుకుతుంది చూడండి, ఆ జిగురే ఇది.

ఇక్కడే చాలామంది మోసపోతారు. పీచు ముడుచుకునేది ముందు, పొర కరిగేది చాలా తర్వాత. కాబట్టి మధ్యలో ఒక దశ వస్తుంది, కుక్కర్‌లో పావుగంటకో ఇరవై నిమిషాలకో, అప్పుడు ముక్క పచ్చి మాంసం కంటే గట్టిగా, రబ్బరులా ఉంటుంది. సరిగ్గా అప్పుడే మూత తీసి "ఉడికేకొద్దీ గట్టిపడుతోంది, ఇక చాలు" అని దించేస్తారు. అది సగం దారి. అక్కడ ఆగితే మాత్రం ఎవరి పళ్లూ పనికిరావు.

దుకాణంలో ఏం అడగాలి

"కిలో బీఫ్ ఇవ్వు" అంటే భాయ్ తన చేతికి ఏది అందితే అది కొట్టిస్తాడు. రాన్ నుంచి నాలుగు ముక్కలు, గర్దన్ (మెడ) నుంచి రెండు, సీనా (ఛాతీ) నుంచి రెండు. ఒకే కుక్కర్‌లో మూడు రకాలు పడితే ఒకటి పీచైపోతుంది, ఇంకొకటి సాగుతూనే ఉంటుంది. అందుకని ముక్క పేరు పెట్టి అడగండి. హైదరాబాద్‌లో, వరంగల్‌లో, ఉర్దూ నడిచే ఏ ఊళ్లో అయినా ఈ పేర్లు చెల్లుతాయి.

పులుసుకీ కూరకీ నేను అడిగేది మచ్లీ. కాలి పిక్క దగ్గర కండ, చేప ఆకారంలో ఉంటుంది కాబట్టి ఆ పేరు. పచ్చిగా చూస్తే నిండా తెల్ల చారలే, కొత్తవాళ్లు వద్దంటారు, అందుకే ఒక్కోసారి బేరం కూడా కుదురుతుంది. ఎక్కువసేపు ఉడికితే ఆ చారలన్నీ కరిగి ముక్క వెన్నలా ఉంటుంది, పులుసు పెదాలకి అంటుకుంటుంది. పళ్లు లేనివాళ్లకి ఇంతకంటే మంచి ముక్క లేదని నా గట్టి అభిప్రాయం. అది దొరక్కపోతే దస్త్, అంటే ముందు జబ్బ. కొంచెం కొవ్వు పర్లేదనుకుంటే సీనా.

రాన్ చూడటానికి అందంగా, ఎర్రగా, పొర లేకుండా ఉంటుంది కాబట్టి అందరూ అదే అడుగుతారు. పొర తక్కువ కాబట్టి కరిగి జిగురయ్యేది కూడా తక్కువే, ఎక్కువ ఉడికిస్తే ఎండిపోతుంది. నాన్న మింగలేకపోయిన ఎండుగడ్డి కూర కథ అదే. రాన్‌ని పల్చగా కోసి వేపుడుకి వాడుకోండి, లేదా ఖీమా కొట్టించండి. ఇక గర్దన్ అయితే ఒక జాగ్రత్త. అందులో పసుపుపచ్చగా తాడులాంటి నరం ఒకటి ఉంటుంది, మీరు రోజంతా ఉడికించినా అది కరగదు. అది కొలాజెన్ కాదు, ఇంకో పదార్థం. తీయించేయండి.

ఒక నల్లి బొక్క, అంటే మూలుగున్న ఎముక, అడిగి వేయించుకోండి, డబ్బులకి చూడకండి.

ఇంటికి తెచ్చాక ఒక రోజు ఆగండి

ఇది చెబితే మా అత్తమ్మ ఒప్పుకోదు, "ఫ్రెష్‌గా తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టడమేంది" అంటుంది. కానీ తెల్లారుజామున కోసిన మాంసం మనం తొమ్మిదింటికి తెచ్చి పదకొండింటికి కుక్కర్ ఎక్కిస్తే, సరిగ్గా అది బిగుసుకుపోతున్న సమయంలో వండుతున్నట్టు. ప్రాణం పోయిన కొన్ని గంటలకి కండలన్నీ బిర్రబిగుస్తాయి, గొడ్డు మాంసంలో ఆ బిగుతు పోవడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఆ తర్వాత కండలో సహజంగా ఉండే ఎంజైములే పీచుని మెల్లగా వదులు చేస్తాయి. విదేశాల్లో ఇందుకోసమే వారం నుంచి రెండు వారాలు చల్లటి గదుల్లో వేలాడదీస్తారు. మన ఫ్రిజ్‌లో అంత సాహసం వద్దు, ఒక రోజు, మహా అయితే రెండు రోజులు చాలు.

ఎలా పెట్టాలంటే, ముక్కలు కొట్టించకుండా పెద్ద గడ్డలుగానే తెచ్చి, కడక్కుండా, శుభ్రమైన బట్టతోనో టిష్యూతోనో తడి అద్ది, మూతున్న స్టీలు గిన్నెలో ఫ్రిజ్ అట్టడుగు అరలో, వెనకవైపు పెట్టండి. కారే రక్తం కూరగాయల మీద పడకూడదు కాబట్టి అట్టడుగున. ఫ్రిజ్ 4 డిగ్రీల లోపు ఉండాలి, కరెంటు గంటలు గంటలు పోయే ఊరైతే ఈ పని పెట్టుకోకండి, అదే రోజు వండేయండి. మరుసటి రోజు చూస్తే పైన రంగు కాస్త నల్లబడుతుంది, అది పర్లేదు. జిగట జిగటగా చేతికంటుతున్నా, పుల్లటి కంపు వచ్చినా పారేయండి.

ఉప్పు కూడా ఇప్పుడే పట్టించొచ్చు. కిలోకి రెండు టీస్పూన్లు, తలగొట్టి కొలవండి, సుమారు 12 గ్రాములు. ఉప్పు ముందే వేస్తే ముక్క గట్టిపడుతుందని ఒక నమ్మకం ఉంది, నేనూ చాన్నాళ్లు నమ్మాను. రాత్రంతా ఉంచి చూస్తే తేలింది వేరు, మొదట కొంచెం నీరు వదిలినా తర్వాత లోపలికే లాక్కుంటుంది, ఉడికాక ముక్కలో రసం నిలుస్తుంది. తర్వాత కూరలో ఉప్పు ఆ మేరకు తగ్గించుకోండి, ఈ మాట మర్చిపోయి ఒకసారి కూరంతా ఉప్పు కషాయం చేశాను.

కత్తి పని

గడ్డని పలక మీద పెట్టి వెలుతురులో చూడండి. కొబ్బరి పీచులాగా గీతలన్నీ ఒకవైపుకి సాగి కనిపిస్తాయి. వేలితో రాస్తే ఒక దిక్కున నున్నగా జారుతుంది, రెండో దిక్కున గరుకుగా తగులుతుంది. ఆ గీతలకి అడ్డంగా కోయాలి. గీతల వెంబడి పొడుగ్గా కోస్తే ఒక్కో ముక్కలో అంగుళంన్నర పొడుగు దారాలుంటాయి, వాటిని తెంపే పని పళ్ల మీద పడుతుంది. అడ్డంగా కోస్తే ఆ పని కత్తే చేసేస్తుంది. దుకాణంలో మొద్దు మీద టకటకా కొట్టేవాళ్లకి ఇది చూసే తీరిక ఉండదు, అందుకే గడ్డలుగా తెచ్చుకోమన్నది.

దస్త్ గడ్డలో మధ్యగా ఒక మందపాటి తెల్ల నరం పారుతుంది. గడ్డని ఆ నరం వెంబడి చీల్చి రెండు చేసుకోండి. పైన మెరిసే వెండి రంగు పొర ఉంటుంది, దాని కింద కత్తి మొన దూర్చి, ఒక చివర ఎత్తి ఎడమ చేత్తో గట్టిగా పట్టుకుని, కత్తి అంచుని మాంసం వైపు కాకుండా పొర వైపు కొంచెం వాల్చి ముందుకి తోయండి. పట్టీలా ఊడొస్తుంది. జారుతుంటే కాస్త ఉప్పు అద్దుకుని పట్టుకోండి. మందమైన పొరంతా తీసేయండి, కండ లోపల ఉన్న సన్నటి తెల్ల గీతల జోలికి పోకండి, పులుసుకి జిగురు ఇచ్చేవి అవే.

ముక్క సైజు పెద్దవాళ్లకైతే గోలీకాయంత, అంటే ముప్పాతిక అంగుళం. పెద్ద ముక్క చూడ్డానికి బాగుంటుంది, తినడానికి చిన్నదే సుఖం. హైదరాబాద్‌లో పెద్దకూరతో చేసే కల్యాణి బిర్యానీలో ముక్కలు చిన్నవిగా కోస్తారు, అదేదో పిసినారితనం అని నవ్వుకుంటాం గానీ ముదురు మాంసానికి ఆ కోత సరైన కోత.

బొప్పాయి, పెరుగు, సోడా, ఇంకా కొబ్బరి చిప్ప

కూర చేసేటట్టయితే వీటిలో ఏదీ తప్పనిసరి కాదు, కుక్కరూ టైమూ చాలు. వేపుడుకీ కబాబ్‌కీ మాత్రం కావాలి, ఎందుకంటే అక్కడ పొర కరిగేంత సేపు పొయ్యి మీద ఉంచలేం.

పచ్చి బొప్పాయి నిజంగా పనిచేస్తుంది. కిలోకి ఒకటి లేదా రెండు టేబుల్‌స్పూన్ల ముద్ద, తొక్కతో సహా నూరండి, పాలు తొక్క దగ్గరే ఎక్కువ. అరగంట నుంచి గంట, అంతే. ఎక్కువసేపు ఉంచితే ఎక్కువ మెత్తబడుతుందని రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లున్నారు. చల్లదనంలో అది పెద్దగా పనిచేయదు, లోపలికి దిగదు, పైపొర మాత్రం పిండిలా అయిపోతుంది. దాని అసలు పని పొయ్యి మీద ముక్క వేడెక్కేటప్పుడు, 60 డిగ్రీల చుట్టుపక్కల జరుగుతుంది, కాబట్టి కబాబ్ లాంటి మందపు ముక్కలైతే మొదట సన్న సెగ మీద మెల్లగా వేడెక్కనిచ్చి తర్వాత మంట పెంచండి. పండిన బొప్పాయి వేయకండి. అనాసపండు కూడా ఇలాంటిదే, తాజాదైతేనే, డబ్బాలో దొరికేది ముందే వేడి చేసినది కాబట్టి దానివల్ల తీపి తప్ప ఇంకేం రాదు. అప్పుడే దంచిన అల్లంలోనూ ఈ గుణం కొంత ఉంది, సీసా అల్లంవెల్లుల్లి నుంచి అంత ఆశించకండి.

పెరుగు రుచికి మంచిది, మెత్తదనానికి కొంచెం. రాత్రంతా ఉంచినా పాడవ్వదు, అదొక్కటే దాని లాభం. నిమ్మకాయ, వెనిగర్ అయితే ఎక్కువసేపు ఉంచితే పైభాగం తెల్లబడి ఎండిపోతుంది, నేను వాడను.

వంటసోడా పల్చటి ముక్కలకి బ్రహ్మాండం. చైనీస్ హోటళ్లలో చిల్లీ బీఫ్ అంత మెత్తగా ఉండటానికి చాలాచోట్ల ఇదే కారణం. అర కిలోకి అర టీస్పూన్, రెండు స్పూన్ల నీళ్లలో కలిపి పట్టించి, పావుగంట, ఇరవై నిమిషాలు ఉంచి, రెండుసార్లు బాగా కడిగి, తడి ఆర్చాలి. కడగడం మానేస్తే సబ్బు నమిలినట్టుంటుంది.

ఇక కొబ్బరి చిప్ప ముక్క, వక్క, స్టీలు చెంచా వేస్తే తొందరగా ఉడుకుతుందనే మాట. నేను రెండు కుక్కర్లు పక్కపక్కన పెట్టి ఒకదాంట్లో చిప్ప వేసి చూశాను, నాన్నకి కూడా చెప్పలేదు ఏది ఏదో. తేడా ఏం లేదు. వేస్తే నష్టం కూడా లేదు, వడ్డించేటప్పుడు తీసేస్తే.

కూర, కుక్కర్‌లో

కిలో మచ్లీ లేదా దస్త్, ఐదు లీటర్ల కుక్కర్ అనుకుందాం. ముక్కల్ని తడి లేకుండా అద్దుకోండి. కుక్కర్‌లో రెండు మూడు టేబుల్‌స్పూన్ల నూనె బాగా కాగాక, మొత్తం ఒకేసారి కుమ్మరించకుండా మూడు విడతలుగా వేసి, ఒకవైపు గోధుమ రంగు వచ్చేదాకా కదపకుండా వదిలేయండి. ఒకేసారి పోస్తే నీరు ఊరి, వేగాల్సింది కాస్తా ఉడుకుతుంది. వేగిన ముక్కలు తీసి పక్కన పెట్టి అదే నూనెలో మూడు పెద్ద ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, తర్వాత అల్లంవెల్లుల్లి, పసుపు, కారం, ధనియాల పొడి. మసాలా మీ ఇంటి లెక్క, నేను దాని జోలికి రాను. అడుగున పట్టిన గోధుమ రంగుని అర గ్లాసు నీళ్లు పోసి గరిటెతో గీకండి, రుచంతా అక్కడే ఉంది.

ముక్కలు, బొక్క తిరిగి వేసి ఇంకో అర గ్లాసు నీళ్లు. మాంసం తన నీరు తను వదులుతుంది, ముక్కలు మునిగేలా పోస్తే చివర్లో ఆ నీళ్లు ఇగరబెట్టలేక చస్తాం. కానీ మరీ తక్కువైతే ముప్పావుగంటలో అడుగంటుతుంది, కాబట్టి మొత్తం ఒక గ్లాసుకి తగ్గకండి.

మూత పెట్టి పెద్ద మంట మీద మొదటి విజిల్ రానివ్వండి. రాగానే మంట బాగా తగ్గించి గడియారం చూసుకోండి. ఇక్కడి నుంచి విజిల్స్ లెక్కే లేదు. లోపల ఒత్తిడి నిలబడినంతసేపు వేడి 120 డిగ్రీల దగ్గర ఉంటుంది, విజిల్ వచ్చినా రాకపోయినా. విజిల్ అంటే ఎక్కువైన ఆవిరి బయటికి పోవడం, మీ మంట పెద్దదైతే పది నిమిషాల్లో పన్నెండు వస్తాయి, సన్నదైతే అరగంటలో మూడే రావొచ్చు. "మా ఇంట్లో ఎనిమిదికే ఉడుకుతుంది, మీకు పదిహేనా" అని వదినా మరదళ్ల మధ్య వాదన నడిచేది ఇందుకే.

నిమిషాల్లో అయితే మా ఇంటి అనుభవం ఇది: ముసలి గేదె దస్త్‌కి 35 నుంచి 40, మచ్లీకి 45 నుంచి 50, సీనాకి 40 దాకా. తప్పక రాన్‌తోనే కూర వండాల్సివస్తే 25 నిమిషాలకి చూసుకోండి. చిన్న ముక్కలైతే ఇందులో ఐదు నిమిషాలు తక్కువ.

స్టవ్ ఆపాక వెయిట్ ఎత్తకండి. ఆవిరి ఒక్కసారిగా వదిలేస్తే లోపలి పులుసు కుతకుతా మరిగిపోయి ముక్కలోని తడి కూడా ఆవిరై పోతుంది, అంతసేపు చేసిన పనికి అర్థం ఉండదు. కుళాయి కింద పెట్టడం కూడా అంతే. పావుగంటో ఇరవై నిమిషాలో దానంతట అది దిగనివ్వండి.

మూత తీశాక ఒక పెద్ద ముక్కని చెంచా అంచుతో నొక్కి చూడండి. తెగితే అయిపోయినట్టు. సాగి వెనక్కి లాగుతుంటే సగం దారిలో ఉన్నట్టే, టెన్షన్ పడకుండా నీళ్లు చూసుకుని ఇంకో పది నిమిషాలు పెట్టండి. ఒక్కో జంతువు ఒక్కోలా ఉంటుంది, దానికెవరూ గ్యారంటీ ఇవ్వలేరు.

టమాటా, చింతపండు, గోంగూర లాంటివి నేను మూత తీశాక వేస్తాను. పులుపు ముందు వేస్తే ఉడకదు అనే మాట కందిపప్పుకి నిజం, మాంసానికి అంత కాదు. నేను చివర వేసేది గోంగూర రుచి, రంగు చెడకూడదని, పులుపు ఎంత కావాలో కళ్లతో చూస్తూ వేసుకోవచ్చని.

కుక్కర్ లేకపోతే మందపాటి గిన్నె, బరువైన మూత, మూడు గంటల నుంచి నాలుగు గంటలు. పులుసు తెర్లకూడదు, అక్కడొకటి అక్కడొకటి బుడగ లేవాలంతే. పాతబస్తీలో నహారీ పాయాల్ని రాత్రంతా సన్న సెగ మీద వదిలేసేది ఇలాగే. నిజం చెప్పాలంటే రుచి దీనిదే, కానీ గ్యాస్ ఖర్చు చూసుకునేవాళ్లం కాబట్టి నేను పండక్కి మాత్రమే చేస్తాను.

వేపుడు తినాలనిపిస్తే

రాన్ గడ్డని ముప్పావుగంట ఫ్రీజర్‌లో పెట్టండి. రాయిలా కాదు, వేలితో నొక్కితే కాస్త లొంగేలా. అప్పుడు మామూలు ఇంటి కత్తితో కూడా బాగా పల్చగా, పీచుకి అడ్డంగా కోయొచ్చు. ఒక్కో ముక్కని పసిందె (చదునుగా కొట్టి వండే ముక్కలు) లాగా, కత్తి వెనక వైపుతోనో చపాతీ కర్రతోనో చదును చేయండి. దంచకండి, నాలుగు దెబ్బలు చాలు, మరీ కొడితే చిరిగిపోతుంది. తర్వాత బొప్పాయిగానీ సోడాగానీ, రెండూ కలిపి వద్దు. పెనం పొగలు కక్కేంత వేడిగా ఉండాలి, ముక్కకి రెండు నిమిషాలకంటే ఎక్కువ వద్దు. నిజమైన ముసలి గొడ్డైతే ఇదీ కొంచెం సాగుతుంది. ఆ అనుమానం ఉంటే ముందు కుక్కర్‌లో ముప్పావు వంతు ఉడికించి, ఆ నీళ్లు తీసి పక్కన పెట్టుకుని, అప్పుడు వేపండి. నాన్నకి నేను చేసేది ఈ రెండో పద్ధతే.

ఒట్టి తునకలు

ఇంతకంటే గట్టి పెద్దకూర లేదు. మా అమ్మమ్మ వాళ్ల వాడలో ఎండాకాలం దండేల మీద ఉప్పూ పసుపూ పట్టించిన పొడుగాటి తునకలు వేలాడుతుండేవి, ఫ్రిజ్ లేని రోజుల్లో వానాకాలం దాకా అవే ఆధారం. వాటిని నేరుగా కుక్కర్‌లో పడేస్తే గంటసేపు పెట్టినా చెప్పు తోలులా ఉంటాయి. ముందు నిప్పుల మీదో, స్టవ్ మీద జాలీ పెట్టో రెండువైపులా కాల్చండి, కమ్మటి వాసన వచ్చి అక్కడక్కడా పొంగేదాకా. వేడి మీదే రోట్లో వేసి రోకలితో దంచండి. పీచులు విడిపోయి నార తేలినట్టవ్వాలి, ఇదే ముఖ్యమైన పని. రోలు లేకపోతే బండ మీద పెట్టి పొత్రంతో కొట్టండి. తర్వాత వేడినీళ్లలో అరగంట నుంచి గంట నానబెట్టి, ఆ ఉప్పు నీళ్లు పారబోసి, రెండుసార్లు కడిగి, అడ్డంగా చిన్నగా తుంచుకోండి. కుక్కర్‌లో మొదటి విజిల్ తర్వాత పాతిక నిమిషాలు. గోంగూరతోనో వంకాయతోనో వండితే ఆ ఉప్పదనం సరిపోతుంది. కూరలో ఉప్పు చివరికి రుచి చూసి మాత్రమే వేయండి.

బయటి దేశాల్లో ఉన్నవాళ్లకి

డల్లాస్‌లో ఉండే మా తమ్ముడు నా లెక్క ప్రకారం 45 నిమిషాలు పెట్టి, ముక్కలు కరిగిపోయి ఖీమా అయిందని ఫోన్ చేశాడు. అక్కడ గొడ్డుని చాలావరకు రెండేళ్ల లోపే కోస్తారు, మాంసం లేత. మచ్లీ కావాలంటే షాంక్, దస్త్ కావాలంటే చక్ అని అడగండి, రౌండ్ అంటే మన రాన్ లాంటిది, కూరకి తీసుకోకండి. ఇక్కడి నుంచి తీసుకెళ్లిన కుక్కర్‌లో చక్‌కి 20 నుంచి 25 నిమిషాలు చాలు. ఇన్‌స్టంట్ పాట్ అనే కరెంటు కుక్కర్‌లో ఒత్తిడి మన కుక్కర్ కంటే కాస్త తక్కువ కాబట్టి ఇంకో పది నిమిషాలు కలపండి.

వడ్డించేటప్పుడు

కూర దించగానే వడ్డించకుండా అరగంట అలాగే పులుసులో వదిలేయండి, ముక్క కొంత రసం వెనక్కి పీల్చుకుంటుంది. పళ్లు లేనివాళ్లకి రెండు చెంచాలతో ముక్కని పీచు వెంబడి విడదీసి, మళ్లీ ఆ పీచుని అడ్డంగా రెండుసార్లు తెంపి, పులుసులో తడిపి పెట్టండి. పొడి పీచు ఎంత మెత్తగా ఉన్నా గొంతులో పడుతుంది, ముసలివాళ్లకి అది ప్రమాదం కూడా. మెత్తటి అన్నంలో కలిపి ఇవ్వండి, లేదా జొన్నరొట్టె ముక్కల్ని పులుసులో నాననిచ్చి పెట్టండి.

మిగిలిన కూర రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. పొద్దున తీసి చూస్తే పులుసు గడ్డకట్టి కదలకుండా ఉందంటే మీ మచ్లీ సరిగ్గా ఉడికినట్టు. కాస్త నీళ్లు చిలకరించి సన్న సెగ మీద పొగలు వచ్చేదాకా వేడి చేయండి, మైక్రోవేవ్ వద్దు, ముక్కల అంచులు మళ్లీ తోలవుతాయి. మా ఇంట్లో నాన్న ఆదివారం మధ్యాహ్నం రెండు ముక్కలతో ఆపేస్తాడు ఇప్పుడు. అడిగితే, "రేపటికి ఉంచు" అంటాడు.